ఆరో తరగతి పుస్తకం గురించి బాపుకు

దుమ్ముగూడెం మండలం,
4 మార్చి 2025.

బాపుకు,

ఆదివారం దాకా ఆగకుండా ఈ రోజే రాయడానికి కారణం ఒక్కటే. నీకు తప్ప ఎవరికీ చెప్పని మాటలు నిన్న మా బడిలో ఒక బయటి మనిషి నోట విన్నాను. అవి అతనికి ఎలా చేరాయో తెలియకపోతే నా కొలువు నిలిచేట్టు లేదు.

ఫోన్‌లో తేలే సంగతి కాదిది. ఇరవై ఆరేళ్ళు బొగ్గుబాయిలో బ్లాస్టింగు మోతల మధ్య పనిచేసిన నీ చెవులకు ఫోన్ వినపడదు. అమ్మకు చేస్తే "తిన్నవా బిడ్డా" దగ్గరే సిగ్నల్ పోతుంది. బడి గేటు బయట చింతచెట్టు కింద నిలబడితే తప్ప ఇక్కడ గీతలు రావు.

వచ్చే జూన్ నుంచి ఆరో తరగతి ఆడపిల్లలకు ఏ ఇంగ్లీషు పుస్తకం పెట్టాలో తేల్చమని బడి నడిపే ట్రస్టు వాళ్ళు మా ముగ్గురికి అప్పగించారని డిసెంబరులోనే రాశాను కదా. ప్రిన్సిపాల్ ప్రమీలారాణి మేడం, లెక్కలు చెప్పే వెంకటకృష్ణ సారు, నేను. ఒకసారి పెట్టిన పుస్తకం మూడేళ్ళు మారదు. పద్నాలుగు పుస్తకాలు చూసి పన్నెండు పక్కన పెట్టాం. మిగిలినవి రెండు. ఒకటి ఖమ్మంలో ఆఫీసున్న కంపెనీది. నున్నటి కాగితం, పేజీ పేజీకీ రంగుల బొమ్మలు. రెండోది కొందరు టీచర్లు కలిసి వేసుకున్నది, నలుపు తెలుపు, పలుచటి అట్ట. వాటి పేర్లు నీకెందుకులే. రంగుల పుస్తకం, తెల్ల పుస్తకం అనుకుందాం.

నేను రెండింటినీ పిల్లల చేత చదివించి చూశానని కూడా రాశాను. ఒక పేజీ చదువుతూ తెలియని మాట వచ్చినప్పుడల్లా పిల్ల ఒక వేలు ముడవాలి. పేజీ అయ్యేలోపు చెయ్యి పిడికిలైతే ఆ పుస్తకం ఆ పిల్లకు బరువు. రంగుల పుస్తకంలో మా ఐదో తరగతి మంగ్లి మూడో లైనుకే పిడికిలి మూసింది. తెల్ల పుస్తకంలో పేజీ చివరికి రెండు వేళ్ళే ముడిచింది. ఇది నేను ఇంకా మేడంకు కూడా చెప్పలేదు. కమిటీ కూర్చున్నప్పుడు చెబుదామని నోట్‌బుక్కులో రాసుకున్నాను, నీకు రాశాను. అంతే.

నిన్న రంగుల పుస్తకం కంపెనీ మనిషి కారులో వచ్చాడు. మేడం అతన్ని కమిటీ ముందు మాట్లాడమంది. అతను సంచీ తీసి మా అభ్యంతరాలకు ఒక్కొక్కదానికీ, మేము అడగకముందే, వరసగా సమాధానం చెప్పుకుంటూ పోయాడు. తెలియని మాటలు ఎక్కువ అంటారేమో అని వెనక తెలుగు అర్థాలతో చిన్న పుస్తకం వేయించానన్నాడు. పాఠాల ఆడియో ఫోన్‌లో రాదంటారేమో అని పెన్‌డ్రైవ్ తెచ్చానన్నాడు. ఆఖరికి నవ్వుతూ, "పాపం మంగ్లి అనే అమ్మాయి మూడో లైనుకే చెయ్యి మూసేసిందంట కదండీ, ఇప్పుడు మూయదు" అన్నాడు.

మేడం నా వైపు చూసింది. వెంకటకృష్ణ సారు పెన్ను మూత పెట్టాడు.

అతను పోయాక మేడం అడిగింది, మంగ్లి ఎవరు, చెయ్యి మూయడం ఏమిటి అని. చెప్పాను. "మాకు చెప్పని సంగతి కంపెనీకి ముందు చెప్పావా?" అంది. నేను చెప్పలేదన్నాను. నమ్మిందో లేదో తెలియదు.

కాబట్టి బాపూ, ఈ రెండింటికి జవాబు రాయించు. నా ఉత్తరాలు నీకు చదివిపెట్టేది ట్యూషన్ చెప్పే ఉదయ్ భాస్కర్ ఒక్కడేనా? చదివాక ఎక్కడ పెడుతున్నావు?

మోకాళ్ళకు నూనె రాయించుకో.

నీ బిడ్డ
నవత


ఇల్లందు,
10 మార్చి 2025.

చిరంజీవి నవతకు తండ్రి జంపయ్య ఆశీస్సులతో వ్రాయునది.

నీ ఉత్తరం అందినది. ఇక్కడ అందరమూ క్షేమము. నీ ఉత్తరాలన్నీ ట్రంకు పెట్టెలో పెట్టి తాళం వేయుచున్నాను. తాళం చెవి నా మొలతాడుకే ఉన్నది. వాటిని ఎవరూ ముట్టలేదు. చదివేది ఉదయ్ భాస్కర్ ఒక్కడే. ఈ జవాబు వ్రాయుచున్నది కూడా అతడే.

ఇక పుస్తకం విషయంలో నా అభిప్రాయం కూడా వినగలవు. నీవు చెప్పిన రంగుల పుస్తకం నేను చూసితిని. అది చాలా ఆకర్షణీయంగా ఉన్నది. హైదరాబాదులోని పెద్ద బడులలో అదే చదువుచున్నారట. అడవి పిల్లలకు నలుపు తెలుపు పుస్తకం చాలునని ఎందుకు అనుకొనవలెను? నీ చిన్నతనంలో నీకు రంగుల పుస్తకం కొని ఇవ్వలేకపోయితిని. పక్క ఇంటి పిల్ల పుస్తకం తలుపు సందులోంచి చూచెడిదానివి. అది నాకు మరపు రాలేదు. కావున బాగుగా ఆలోచించుము.

ఆ కంపెనీ మనిషి ఎవరి ద్వారానో విని ఉండవచ్చును. మీ బడిలోనే ఎవరైనా చెప్పి ఉందురు. ఆ లెక్కల సారును గమనించుము.

మీ అమ్మ చింతకాయ తొక్కు పెట్టినది. బస్సు డ్రైవరుతో పంపుచున్నాము.

ఇట్లు
జంపయ్య


దుమ్ముగూడెం మండలం,
14 మార్చి 2025.

బాపూ, ఈ ఉత్తరం ఉదయ్ భాస్కర్‌తో చదివించవద్దు. అంగన్‌వాడీ నాగక్కతో చదివించు.

చింతకాయ తొక్కు అందింది. ఉత్తరం కూడా అందింది, కానీ అందులో నువ్వు లేవు. నువ్వు నీ జన్మలో "అభిప్రాయం" అన్న మాట అనలేదు. "ఆకర్షణీయం" అంతకన్నా అనలేదు. నేను ఏడో తరగతి నుంచి మన బాయి క్వార్టర్ల లైనంతటికీ ఉత్తరాలూ దరఖాస్తులూ రాసినదాన్ని. చెప్పే మనిషి గొంతు ఏదో, రాసే మనిషి గొంతు ఏదో నాకు తెలుస్తుంది.

రంగుల పుస్తకం నువ్వు ఎక్కడ చూశావు? అది ఇంకా అంగళ్ళలోకి రాలేదు. టీచర్లకు చూపడానికి కంపెనీ ఇచ్చే నమూనా కాపీలే ఉన్నాయి, వాటి మీద ముద్ర కూడా ఉంటుంది. మన లైనులో అది ఉంటే ఒక్కరి దగ్గరే ఉండాలి. స్పోకెన్ ఇంగ్లీషు ట్యూషన్ చెప్పే మనిషి దగ్గర. ట్యూషన్ వాళ్ళకు కంపెనీలు నమూనాలు పంపి దోస్తానా చేస్తాయి. ఉదయ్ భాస్కర్ నా ఉత్తరం చదివి కంపెనీకి చెబుతున్నాడు, కంపెనీ మాట నీ పేరు మీద నాకు రాస్తున్నాడు. వెంకటకృష్ణ సారు మీదికి నన్ను తిప్పింది కూడా అందుకే. నేను రెండు రోజులు ఆ సారును అనుమానంగా చూశాను కూడా. ఆయన టిఫిన్ డబ్బా తీసుకుని వేరే బల్లకు పోయాడు.

ఇక్కడ సంగతి బాగా లేదు. నమూనా పుస్తకాలన్నీ మేడం తన బీరువాలోకి మార్చి తాళం తన దగ్గర పెట్టుకుంది. పుస్తకం కావాలంటే సంతకం పెట్టి తీసుకోవాలి, ఆ నియమం నాకు ఒక్కదానికే. ఈ నెల 31 లోపు రాతపూర్వకంగా సంజాయిషీ ఇవ్వమంది. నాది ఏడాది ఏడాదికి పొడిగించే కొలువు. ఏప్రిల్లో పొడిగించకపోతే జూన్‌లో నాకు బడి లేదు, పిల్లలకు ఏ పుస్తకం వచ్చిందో చూడ్డానికి కూడా ఉండను.

రంగుల పుస్తకం అందంగా లేదని నేను అనడం లేదు. అందంగా ఉంది. మంగ్లి దాని మీద చెయ్యి వేసి నిమురుతూ కూర్చుంటుంది, కాగితం నున్నగా ఉందని. కానీ మొదటి పాఠంలోనే ఒక కుటుంబం మాల్‌లో కదిలే మెట్లు ఎక్కుతుంది. మా పిల్లల్లో సగం మంది ఇంట్లో కోయ మాట్లాడతారు, మంగ్లి వాళ్ళు లంబాడీ. తెలుగే వాళ్ళకు బడిలో వచ్చిన భాష. కదిలే మెట్లంటే ఏమిటో తెలుగులో చెప్పడానికే నాకు ఒక పీరియడ్ పట్టింది. ఇంగ్లీషు అప్పటికి ఇంకా మొదలవలేదు. తెల్ల పుస్తకంలో మొదటి పాఠం సంతలో కూరగాయల గంప. టీచరు గంప తెచ్చి పెట్టి, పేరు అంటే పిల్ల వచ్చి తీస్తుంది. మాట ముందు చెవికి, చేతికి వస్తుంది, చదవడం తర్వాత. అదే మాట మూడు పాఠాల తర్వాత మళ్ళీ కనబడుతుంది. నువ్వు బాయిలో కొత్తవాడికి పని నేర్పినట్టు.

ఉదయ్ భాస్కర్‌కు ఆ పుస్తకం ఎవరు ఇచ్చారో నాగక్కతో అడిగించు. నువ్వు అడగకు, నీకు కోపం వస్తుంది.

నవత


ఇల్లందు,
20 మార్చి 2025.

బిడ్డా నవతా,

గీసారి నేను ఎట్ల చెప్తె అట్లనే రాయమన్న. ఒక్క మాట మార్చినా చేతుల పెన్ను గుంజుకుంట అన్న. ఉదయ్ భాస్కరే రాస్తుండు. అవ్, ఆ పిల్లగాడే.

ఏంది బిడ్డా గట్ల రాసినవ్. ఉత్తరం మీద నాగక్కకు అని రాసి ఉందా? నాకు చదువు రాదని నీకు తెల్వదా? ఉత్తరం వచ్చింది, ఎప్పటి లెక్కనే ఉదయ్‌ను పిలిచిన, అరుగు మీద కూసున్నం. కవరు చింపి గట్టిగ మొదలు పెట్టిండు. "బాపూ, ఈ ఉత్తరం ఉదయ్ భాస్కర్‌తో చదివించవద్దు." గంతే, ఆగిండు. నాకు సమజ్ కాలే. "ఏమాయె, చదువు" అన్న. "మామా, నన్ను చదవొద్దని రాసింది" అన్నడు. "ఎవలు రాసిన్రు?" అన్న. "అక్కనే" అన్నడు. లైనంత నవ్విన్రు. నాగక్క అయితే పళ్ళెం కింద పడేసి నవ్వింది. నేను మొండోన్ని కదా, "మొత్తం చదువు" అన్న. ఆ పిల్లగాడు తన మీద నువ్వు రాసిందంత, తన నోటితోనే, అందరి ముందట, ఒక్క మాట ఇడ్వకుండ చదివిండు. చెవులు ఎర్రగయినయ్. చదివినంక కాయితం మడత పెట్టి నా చేతికిచ్చి, నీళ్ళు తాగి పోయిండు. తెల్లారి నేనే పోయి పట్టుకొచ్చిన.

"అభిప్రాయం" గిట్ల నేను అనలే. "నాకు గిట్ల అనిపిస్తుంది రాయి" అన్న. టీచరమ్మకు పోయే ఉత్తరమని మంచి భాషల రాసిండంట. తప్పా?

పుస్తకం సూపిచ్చింది ఉదయ్ కాదు. మన లైనుల ముత్యాలు అల్లుడు. నువ్వు ఆయన్ను సూడలేదు, నువ్వు అడివిల బడికి పోయినంకనే లగ్గమయింది. పేరు శ్రీశైలం. ఖమ్మంల పుస్తకాల కంపెనీల చేస్తడు, కారుంది. రెండు వారాలకోసారి అత్తగారింటికి వస్తడు. మంచోడు, మర్యాదస్తుడు. నీ ఉత్తరం వచ్చిందంటే కుర్చీ తెచ్చుకొని అరుగు మీదికొస్తడు. "జంపయ్య మామా, నీ బిడ్డ రాసినట్టు ఎవలు రాయరు" అంటడు. ఎన్కటియి గూడ ఇంకోసారి చదివిచ్చుకున్నడు. గంత ఇష్టం ఆయనకు. చిన్న బుక్కుల రాసుకుంటడు గూడ.

పుస్తకం ఆయనే సూపిచ్చి మళ్ళ తీస్కపోయిండు. ఇగో గీ పుస్తకం నీ బిడ్డ బడికి వస్తే అందరికి బాగుంటది అన్నడు. నాకూ గట్లనే అనిపిచ్చింది. ఇండ్ల తప్పేముంది?

నువ్వు ఆ పిల్లగానికి మాఫీ అడగాలె.

మీ బాపు

అక్కా, కింద నాలుగు లైన్లు నేను రాస్తున్నాను, మామ పర్మిషన్ ఇచ్చాడు. నేను మెల్లగా చదివితే మామకు వినపడదు. గట్టిగా చదివితే లైనంతా వింటుంది. ట్రంకు పెట్టెకు తాళం మాత్రం నిజమే. మీ ఉత్తరాలు బయటికి పోవడానికి పెట్టె దాకా పోవలసిన పని లేదు. నాకు ఏ కంపెనీ పుస్తకం పంపలేదు. మా ట్యూషన్‌లో పిల్లలు తొమ్మిది మందే. - ఉదయ్ భాస్కర్.


దుమ్ముగూడెం మండలం,
25 మార్చి 2025.

బాపుకు,

ముందు ఉదయ్ భాస్కర్‌కు. తమ్ముడూ, ఇది కూడా నువ్వే గట్టిగా చదువుతూ ఉంటావు. నేను తప్పు చేశాను. నా మాటలే నీ చేత అందరి ముందు చదివించాను. నన్ను మన్నించు. ఒక్క మాట కూడా వదలకుండా చదివావు చూడు, అక్కడే నాకు నీ సంగతి తెలిసింది.

ఇప్పుడు అరుగు మీద శ్రీశైలం గారు కుర్చీలో ఉంటే, ఆయన కూడా వినాలి. మీరు మా కమిటీ ముందు చెప్పిన ప్రతి మాటా ఈ అరుగు మీద రాసుకున్నదే. మీ ఉద్యోగం మీరు చేశారు. నా ఉద్యోగం పోయేట్టుంది.

బాపూ, నాకు నీ మీద కోపంగా ఉంది. ఆయన పుస్తకాల కంపెనీ మనిషి అని నీకు ముందే తెలుసు. నేను మార్చి నాలుగున రాసిన ఉత్తరం విన్నప్పుడే ఆ వచ్చింది ఎవరో నీకు తట్టి ఉండాలి. మరి నన్ను లెక్కల సారు మీదికి ఎందుకు తిప్పావు? తెలియక చేశావా, తెలిసి చేశావా? ఇది అడగడం నాకు బాగా లేదు. అయినా అడుగుతున్నాను.

ఇక్కడ మేడం రెండు పుస్తకాలకూ పరీక్ష పెట్టింది. జూన్‌లో ఆరుకు వచ్చే ఐదో తరగతి రెండు సెక్షన్లకు రెండు పుస్తకాలతో వారం పాఠాలు. నన్ను చెప్పనివ్వలేదు. ఒకదానికి హిందీ టీచరు, ఇంకోదానికి వెంకటకృష్ణ సారు. నేను వెనక బెంచీలో కూర్చున్నాను, నా పక్కన మేడం కూర్చుంది. నేను పిల్లలకు సైగలు చేస్తానేమో అని అనుకుంటా.

నిజం నిజంగానే రాస్తాను. మొదటి రోజు రంగుల పుస్తకమే గెలిచింది. బొమ్మలు చూసి పిల్లలు బెంచీలు దిగి వచ్చారు. అందులో ధ్వనుల పాఠం చాలా బాగా చేశారు, తెల్ల పుస్తకంలో అలాంటిది లేదు. తెల్ల పుస్తకం టీచరు లేకపోతే నడవదు, ఆ గంప తేవాలి, కాయలు తేవాలి. హిందీ టీచరు అలిసిపోయింది. నాకు భయం వేసింది, నేను నాకు నచ్చిన పుస్తకం వైపు కళ్ళు మూసుకుని వాలానేమో అని. మూడో రోజుకు మారింది. శ్రీశైలం గారు వేయించిన తెలుగు అర్థాల పుస్తకం తీసి వెంకటకృష్ణ సారు ఒక మాటకు అర్థం చదివితే, కోయ పిల్లలు ఆ తెలుగు మాటకు అర్థం అడిగారు. సారు మళ్ళీ చెబితే మళ్ళీ అడిగారు. ఐదో రోజుకు ఆ సెక్షన్ పిల్లలు ప్రశ్నలకు జవాబులు ముత్యాల్లాంటి రాతతో రాశారు, పుస్తకం మూసి అడిగితే ఒక్క మాట పలకలేదు. తెల్ల పుస్తకం సెక్షన్‌లో మంగ్లి లేచి హిందీ టీచరును ఇంగ్లీషులో రెండు వంకాయలు ఇమ్మని అడిగింది. టీచరు ఒకటే ఇస్తే "రెండు" అని ఇంగ్లీషులోనే గదమాయించింది. మేడం నవ్వింది. ఈ నెలలో ఆమె నవ్వడం అదే మొదటిసారి.

నా సంజాయిషీ మాత్రం అలాగే ఉంది. జరిగింది చెబితే మేడం, "వినపడని మనిషికి చదివించి వినిపించే ఉత్తరంలో కమిటీ మాటలు రాస్తారా?" అంది. ఆమె అన్నదాంట్లో తప్పు లేదు. వెంకటకృష్ణ సారుకు అనుమానం ఇంకోలా ఉంది. "మీ నాన్నగారికి అసలు వినపడదా, లేక ఇది ఇప్పుడు కట్టిన కథా?" అని నా మొహం మీదే అడిగాడు. నేను ఆయన్ను చూసిన చూపుకు ఇది బదులు.

అందుకే నాకు ఒక్కటి కావాలి. దవాఖానాలో నీ చెవులు పరీక్ష చేసి ఇచ్చిన చీటీ, లేకపోతే కొత్తగా ఒకటి చేయించి పంపు. వినపడదని డాక్టరు రాస్తే ఎవరూ కాదనలేరు. సంజాయిషీ గడువు ఏప్రిల్ 5 దాకా పెంచమని అడిగి ఒప్పించాను. జల్దీ పంపు.

నవత


ఇల్లందు,
31 మార్చి 2025.

బిడ్డా,

ఇది ఇంట్ల తలుపేసుకొని రాయిస్తున్న. ఉదయ్, నేను, మీ అమ్మ. అంతే.

గా చీటీ నేను పంపలేను. నాకు వినపడుతది.

కోపం చెయ్యకు, పూర్తిగ విను. జనవరిల చెవులకు మిషన్ వచ్చింది. రెండు చెవులకు. శ్రీశైలమే కారుల ఎక్కిచ్చుకొని ఖమ్మం దవాఖానాకు తీస్కపోయిండు, డాక్టరు పెట్టిండు. మొదటి దినం ఇంటికొచ్చి కూసుంటే కొట్టం మీద చిన్నగ చప్పుడు. ఏందని బయటికొస్తే ఆకులు రాలుతున్నయ్. గంత చిన్న చప్పుడు నేను ఇరవై ఏండ్లయింది విని. మీ అమ్మ పొద్దంత గొణుగుతదని తెలుసు గని ఏం గొణుగుతదో గప్పుడు తెలిసింది. నన్నే తిడుతది.

మరి నీకెందుకు చెప్పలే అంటవ్. నీ ఉత్తరం వచ్చిన దినం మిషన్ తీసి డబ్బీల పెడ్త. పెట్టుకుంటే ఉదయ్ మెల్లగ చదువుతడు. మెల్లగ చదివితే నేనొక్కన్నే వింట. బిడ్డా, నేను బాయిల దిగినన్ని దినాలు నా పేరు హాజరు పిలిచేటోడు తప్ప ఎవడు గట్టిగ అనలే. ఇప్పుడు నా బిడ్డ రాసిన మాటలు లైనంత వింటది. నాగక్క పని ఆపి వింటది. ముత్యాలు వింటడు. మొగులయ్య కొడుకు పెద్ద ఇంజనీరు, వాని ఉత్తరం ఎవలన్న విన్నరా? నాకు గదొక్కటే కావాల్సొచ్చింది. దాంతోటి నీ కొలువు మీదికొస్తదని నాకు తట్టలే.

నువ్వు అడిగిన ఇంకో మాట. మార్చిల నీ ఉత్తరం విన్నప్పుడు వచ్చింది శ్రీశైలమే అని నాకు తెలిసింది. అవ్. ఆయన గూడ అరుగు మీదనే ఉండె, తల వంచుకున్నడు. నేను నోరు మూసుకున్న. ముత్యాలు నేను ఒక్క షిఫ్టుల దిగినోళ్ళం, బాయిల పైకప్పు కూలిన దినం నన్ను బయటికి గుంజింది ముత్యాలే. వాని అల్లున్ని ఎట్ల పట్టియ్యాలె? అందుకే లెక్కల సారు అని రాయించిన. తప్పు నాది.

తప్పు నాదని మేడంకు రాయి. కావాల్నంటె నేనొస్త, ఆమె ముందట నిలబడ్త.

మీ బాపు


దుమ్ముగూడెం మండలం,
6 ఏప్రిల్ 2025.

బాపుకు,

ఈ ఉత్తరం మిషన్ పెట్టుకుని విను. తమ్ముడూ ఉదయ్, తలుపు వేసి మెల్లగా చదువు.

నీ ఉత్తరం నాలుగున అందింది. నిన్న సంజాయిషీ ఇచ్చాను. కమిటీ మాటలు బయటికి రాయడం నా తప్పేనని రాశాను, ఉత్తరాలు అరుగు మీద చదివారని రాశాను, కంపెనీ మనిషి మా లైను అల్లుడని, ఆ సంగతి నాకు మొన్నటి దాకా తెలియదని రాశాను. వినపడదు అన్న మాట రాయలేదు, వినపడుతుంది అన్న మాటా రాయలేదు. మిషన్ ఎందుకు తీసిపెట్టావో ఇక్కడ ఎవరికీ చెప్పను. అది చదివిన రోజు భోజనానికి పోలేకపోయాను. వెంకటకృష్ణ సారు దగ్గరికి పోయి నేను అనుమానించానని చెప్పి క్షమించమన్నాను. ఆయన "సరేనమ్మా" అన్నాడు గానీ టిఫిన్ డబ్బా ఇంకా ఆ బల్ల మీదే తింటున్నాడు.

మేడం సంజాయిషీ రెండుసార్లు చదివింది. "ఇంత అబద్ధం ఎవరూ కట్టలేరు" అంది. కొలువు పొడిగింపు కాగితం మీద ఆమె రాయాల్సింది రాస్తానంది. కానీ పుస్తకం ఇంకా తేలలేదు. మేడం తెల్ల పుస్తకం అంటోంది. వెంకటకృష్ణ సారు రంగుల పుస్తకం అంటున్నాడు, ఆయన కారణాలు ఆయనకున్నాయి. ఏటా టీచర్లు మారిపోయే బడిలో టీచరు మీద ఆధారపడే పుస్తకం ఎలా నడుస్తుందంటాడు. అది కొట్టెయ్యలేని మాట. మిగిలింది నా మాట. పదహారో తేదీన కమిటీ చివరిసారి కూర్చుంటుంది. నేను తప్పుకుంటే ఇద్దరూ చెరో వైపు ఉంటారు. అప్పుడు నిర్ణయం ట్రస్టుకు పోతుంది, ట్రస్టు వాళ్ళకు రంగుల పుస్తకం ముందు నుంచీ నచ్చింది. మూడేళ్ళు మంగ్లి లాంటి పిల్లలు కదిలే మెట్లు ఎక్కుతారు.

కమిటీలో ఉండాలంటే ఇప్పుడు ఒక కాగితం మీద సంతకం పెట్టాలి. జరిగినదాని తర్వాత ట్రస్టు వాళ్ళు ముగ్గురికీ పంపారు. నేను గానీ నా కుటుంబంలో ఎవరు గానీ ఏ పుస్తకాల కంపెనీ నుంచీ, దాని మనుషుల నుంచీ ఏ వస్తువూ ఏ సాయమూ తీసుకోలేదు అని అందులో ఉంది. వెంకటకృష్ణ సారు చూసిన వెంటనే పెట్టేశాడు. మేడం పెట్టింది. నేను ఇంటికి రాసి అడగాలి, గడువు కావాలన్నాను. సారు నన్ను మళ్ళీ ఒకలా చూశాడు.

నువ్వు రాశావు, "జనవరిల చెవులకు మిషన్ వచ్చింది" అని. ఎలా వచ్చిందో రాయలేదు. శ్రీశైలం గారు కారులో తీసుకుపోయాడని రాశావు. కారు ఎక్కించుకోవడం పొరుగింటివాళ్ళు చేసే పనే. అదొక్కటే అయితే కాగితం కింద అదే మాట రాసి సంతకం పెడతాను, అది చాలని మేడం అంది. ఆ మిషన్ కొన్నది ఎవరు? నువ్వా, బొగ్గు సంస్థ దవాఖానా ఇచ్చిందా, ముత్యాలు మామా, ఆయన అల్లుడా? జనవరి నాటికి నేను కమిటీలో ఉన్నానని నా డిసెంబరు ఉత్తరం అరుగు మీద అందరికీ చెప్పేసింది. ఆ సంగతి నాకు ఇప్పుడు గుర్తొస్తోంది.

శ్రీశైలం గారే కొన్నాడనుకో. మిషన్ తిరిగి ఇచ్చెయ్యమని నేను అడగను. ఇన్నేళ్ళు నీ చెవులకు ఏం చెయ్యాలో నేను ఒక్క రోజూ ఆలోచించలేదు. ఉత్తరాలు రాయడం మొదలుపెట్టి దాంతో సరిపెట్టుకున్నాను. ఆకులు రాలే చప్పుడు వేరే మనిషి వినిపించాడు. అది నీ దగ్గరే ఉండనివ్వు. నేను సంతకం పెట్టకుండా లేచి వస్తాను, అంతే. మంగ్లికి ఏం చెప్పుకోవాలో అది నేను చూసుకుంటాను.

ముత్యాలు మామ నిన్ను గుంజిన సంగతి నాకు తెలుసు. అందుకే భయంగా ఉంది. ఒకసారి ఆ ఇంటి కోసం నాకు తప్పు రాయించావు. మళ్ళీ రాయించగలవు. ఆ ఇంటి పేరు కాపాడాలని "నేనే కొన్న" అని రాయిస్తే, నేను దాన్ని పట్టుకుని సంతకం పెడతాను. ఇంకెవరినీ అడగను. ఉదయ్‌ను అడగను, అమ్మను అడగను, దవాఖానాకు పోయి వాకబు చెయ్యను. నువ్వు చెప్పిందే నా సంతకం అవుతుంది.

రాములవారి నవమికి వచ్చిన జనంతో భద్రాచలం బస్సులన్నీ నిండి ఉన్నాయి, టపా రెండు రోజులు ఆలస్యంగా వస్తోంది. కాబట్టి ఇది అందిన రోజే జవాబు డబ్బాలో వేయించు. ఏప్రిల్ 15 లోపు నీ జవాబు నా చేతికి అందాలి.

నవత